గుంతకర్ర పట్టా

7 ఫిబ్రవరి 1983, సోమవారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి మద్రాసు మౌంట్ రోడ్డులోని ఆటసామాన్ల షాపువాళ్ళు పంపింది. నెల రోజులుగా టైపు మిషను కింద ఎత్తుకి పెట్టుకున్నాను. ఈ రోజు బయటికి తీయక తప్పలేదు. తెలుగులో రాస్తే భయం లేదు. తిరునిన్రవూరు ఇంట్లో అన్నకీ వదినకీ చదవడానికి తమిళమే వచ్చు. నాకు తెలుగు నేర్పిన మా నాయన ఫోటోలోంచి దిగి వచ్చి చదవడు.

ఉదయం పోస్టులో రిజిస్టర్డ్ కవరు వచ్చింది. బ్రాన్‌మూర్ అనే సీమ కంపెనీ తరఫున మద్రాసులో దండపాణి అనే వకీలు పంపిన నోటీసు. మూడు పేజీలు, ఒక్క దాంట్లోనూ చిరునవ్వు లేదు. కనకమ్మ సత్రం అనే ఈ ఊళ్ళో ధనకోటి నాయుడుగారి ఇత్తడి షెడ్డులో మేము పోతపోసి షాపుకి పంపిన నాలుగు వందల గోల్ఫు కర్రల తలలు వాళ్ళ పేటెంటుని దొంగిలించి చేసినవట.

గోల్ఫులో చివరికి బంతిని మెల్లగా గుంతలోకి తోయడానికి ఒక కర్ర ఉంటుంది. ఇంగ్లీషులో పట్టర్. ఆ ఆట చూసినవాడు మా షెడ్డులో ఒక్కడూ లేడు కాబట్టి మేము గుంతకర్ర అంటాం. సీమదాని ధర వింటే గుండె ఆగుతుంది. అందుకని షాపువాళ్ళు మా చేత చౌకగా చేయించి, అడుగున తమ హంస గుర్తు కొట్టించి, సొంత సరుకుగా అమ్ముకుంటున్నారు. దాని తల రెండు చివర్లా లావుగా, నడుమ వెనక పక్క గుంటగా ఉంటుంది. బంతి నడిమికి కాకుండా పక్కకి తగిలినా కర్ర చేతిలో మెలి తిరగకుండా ఆ ఏర్పాటు. 1974 నుంచి ఆ ఏర్పాటు తమ సొత్తు అంటోంది కంపెనీ.

పని ఆపాలి, అచ్చులన్నీ అప్పగించాలి, లేదా కోర్టుకి రావాలి. ఈ ఆర్డరు పోతే షెడ్డుకి తాళమే. పోతపని వాళ్ళు పదకొండు మంది, టైపిస్టుని నేను ఒకదాన్ని, అందరం రోడ్డు మీద. నాకైతే వదిన వంటిల్లే గతి. వదిన మంచిదే, వంటిల్లే చిన్నది.

నోటీసులో ఇంకొక వాక్యం ఉంది. అసలు కర్రను కాగితం మీద పెట్టి గీసుకున్నారని వాళ్ళకి తెలిసిందట. ఎవరు గీశారో ఇక్కడ రాయనవసరం లేదు.

8 ఫిబ్రవరి

సరే, రాస్తాను. నేనే గీశాను.

పోయిన ఆగస్టులో షాపు మేనేజరు రామానుజం ఆ సీమకర్రను తువ్వాల్లో చుట్టుకొచ్చి ఒక్కరోజు మా దగ్గర వదిలాడు. స్కూల్లో డ్రాయింగ్ పరీక్ష పాసైంది షెడ్డు మొత్తానికి నేనొక్కదాన్నే. కాబట్టి కాగితం పరిచి, కర్ర పెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పి, కొలతలు వేసి, కింద అందంగా వ. అని సంతకం కూడా చేసి పోతపని మేస్త్రీ ఏసన్నకి ఇచ్చాను. సంతకం ఎందుకు చేశానని ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఆ కాగితం వకీలు చేతిలో పడితే దొంగ పేరు వెతుక్కోనక్కర్లేదు.

అయినా గీయడం వేరు, కాపీ కొట్టడం వేరు. ఒక వస్తువు చుట్టూ పెన్సిలు తిప్పితే అది కాపీ ఎలా అవుతుంది?

9 ఫిబ్రవరి

నాయుడుగారికి నోటీసు చదివి చెప్పాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. పేటెంటు అనగానే తల ఎత్తి, "పట్టానా?" అన్నారు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ ఆయన మొహం వెలిగిపోయింది. ఆరు నెలలుగా ఆ మొహం మీద అంత వెలుగు నేను చూడలేదు. నోరు మూసుకున్నాను.

తెలియనివాళ్ళు లేరు గానీ నా కోసం రాసుకుంటున్నాను. నాయుడుగారు గట్టు పక్క పొలం ముక్క కోసం పదకొండేళ్ళు తిరువళ్ళూరు కోర్టుకి తిరిగారు. పట్టా అవతలివాడి పేరున ఉన్నా, దున్నుకుంటున్నది తనే అని రుజువు చేసి గెలిచారు. ఆ కథ షెడ్డులో కొలిమికి కూడా కంఠతా వచ్చు.

"పట్టా వాళ్ళ పేరున ఉంటే ఉండనీ. అనుభవం ఎవురిదో చూడాల గదా," అన్నారు.

చెప్పి ఉండాల్సింది. రేపు చెబుతాను.

11 ఫిబ్రవరి

చెప్పలేదు. ఆయన జవాబు చెబుతుంటే రాసుకున్నాను. పొలం కేసులో వేసిన కాగితాన్నే ముందు పెట్టుకుని, పొలం అన్నచోట ఆకారం అని మార్చుకుంటూ చెప్పారు.

"ఈ ఆకారాన్ని, మాకు ముందుండిన పచ్చయ్యప్ప ఆచారి కాలం నుంచి, ఊరంతా చూస్తా ఉండంగా, ఎవురి అడ్డూ లేకుండా నలబై ఏండ్లుగా అనుభవిస్తా ఉండాము. రాసినావా?"

నలభై ఏళ్ళు ఎక్కడివని అడిగాను. షెడ్డు ఆచారి దగ్గర కొని పన్నెండేళ్ళే కదా, పైగా గుంతకర్ర మొదలుపెట్టింది ఆగస్టులోనే కదా అన్నాను. కొన్నవాడికి అమ్మినవాడి అనుభవం కూడా కలిసి వస్తుందట. నలభై అనేది పొలం కేసులో రాసిన అంకె, అది అచ్చొచ్చింది కాబట్టి మార్చకూడదట.

నేను దాన్ని మంచి ఇంగ్లీషులో పెట్టాను. చాలా మంచి ఇంగ్లీషులో. మధ్యలో ఏసన్న వచ్చి, ఆ గుంతకర్ర సంగతి ఒకటి చెప్పాలన్నాడు. టైపు చేస్తున్నాను, తర్వాత అన్నాను. ఏసన్న చాలా నెమ్మది మనిషి. తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

12 ఫిబ్రవరి

పోస్టు చేశాను. నవ్వొచ్చింది.

28 ఫిబ్రవరి

నవ్వు పోయింది.

వకీలు మన ఉత్తరాన్ని చూసి నవ్వుకుని చించేస్తాడనుకున్నాను. ఆయన చించలేదు. పేటెంటు ఇచ్చిన తేదీకి ముందే ఈ దేశంలో అదే వస్తువు పదిమంది మధ్య బాహాటంగా వాడకంలో ఉంటే పేటెంటు నిలవదట. మీరు అంత గట్టిగా చెబుతున్నారు కనుక ఆ పాత వస్తువులు చూడటానికి మార్చి 18న స్వయంగా వస్తున్నాను అని రాశాడు. చూపించలేకపోతే అబద్ధపు జవాబు ఇచ్చినందుకు కూడా చర్య ఉంటుందట.

నాయుడుగారికి చదివి వినిపించాను. "సూడు, పట్టాకన్నా అనుభవమే పెద్దదని వాళ్ళ వకీలే రాస్తా ఉండాడు," అని వేడివేడిగా పొంగణాలు తెప్పించారు. నేను రెండు తిన్నాను.

పొలం బుద్ధితో చెప్పింది పేటెంటు చట్టానికి సరిగ్గా అతికింది. అతకనిది ఒక్కటే, నిజం.

2 మార్చి

ముందు ఆ డ్రాయింగ్ కాగితం చింపేయాలి. ఏసన్నని అడిగాను. ఉందమ్మా, ఇంట్లో భద్రంగా ఉంది, కానీ దాని గురించే మీతో ఒక మాట, అని మొదలుపెట్టాడు. భద్రంగా ఉంచితే ఎలా, తెచ్చేయమన్నాను. అంతలో నాయుడుగారు పిలిచారు. తిరిగి వచ్చేసరికి కొలిమి రాజేశారు, ఇక ఆ హోరులో మాటలేం వినిపిస్తాయి.

భద్రంగా ఉందట. ఎవరు భద్రంగా ఉంచమన్నారు.

5 మార్చి

నిద్ర లేదు. బస్సులో నిద్రపోయి తిరువళ్ళూరులో దిగాల్సినదాన్ని సత్రం దాకా వచ్చేశాను. అంటే నేను దిగాల్సింది సత్రంలోనే కదా, ఏం రాస్తున్నానో.

ఒక ఆలోచన వచ్చింది. ఇక్కడ రాయను.

8 మార్చి

రాస్తాను. పాత వస్తువు లేకపోతే చేయాలి. అంతే.

లోపం ఉందని పక్కన పడేసిన గుంతకర్ర తల ఒకటి కుప్పలోంచి తీసుకున్నాను. దాన్ని తలకిందులు చేస్తే అచ్చం చేతికర్ర పిడి. నాయుడుగారి అటక మీద పురుగు తిన్న వెదురు చేతికర్ర ఒకటి ఉంటే దానికి తొడిగాను. ఇత్తడి తళతళలాడుతోంది. చింతపండుతో ఇత్తడి తోమిన చేతికి ఇత్తడి ఎలా పాడవుతుందో తెలియకపోతుందా. పుల్లమజ్జిగలో ఉప్పు కలిపి పూసి, గుడ్డ చుట్టి, నాయుడుగారి కొట్టం వెనక పేడదిబ్బలో పూడ్చాను.

ఏసన్న చూశాడు. అదెందుకమ్మా అన్నాడు. నలభై ఏళ్ళ కర్ర కావాలన్నాను. "నలబై ఏండ్ల కర్రకి పేడదిబ్బెందుకు వనజమ్మా," అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని, నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఎప్పుడూ అతన్ని అలా అనలేదు. సాయంత్రం క్షమించమని అడగాలనుకున్నాను, బస్సు వచ్చేసింది.

14 మార్చి

తవ్వి తీశాను. పచ్చగా చిలుం పట్టి, మా నాయనమ్మ పెళ్ళినాటి చెంబులా ఉంది. నా చేతుల పనితనానికి నేనే మురిసిపోయాను. కంపు కొంచెం ఉంది. ఎండలో పెట్టాను.

దీన్ని మోసం అనకూడదు. నలభై ఏళ్ళలో ఎండా వానా చేసే పని పేడ ఆరు రోజుల్లో చేసింది. తేదీల్లో తేడా తప్ప ఇంకేం లేదు.

17 మార్చి

రేపు.

19 మార్చి, శనివారం

నిన్న రాయలేకపోయాను. వరసగా రాస్తాను.

వకీలు దండపాణి పదింటికి కారులో దిగాడు. యాభై అయిదేళ్ళు ఉంటాయి, నల్లకోటు, మెరిసే బూట్లు, మెట్టు ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకుంటాడు. తమిళంలో మర్యాదగా మాట్లాడాడు. కొబ్బరినీళ్ళు తాగాడు. నాయుడుగారు పొలం కథ మొదలుపెడితే పూర్తిగా విన్నాడు, అది మాత్రం ఆశ్చర్యం. తర్వాత వస్తువు చూపించమన్నాడు.

నా కర్రను గుడ్డలోంచి తీసి బల్ల మీద పెట్టాను. నాయుడుగారి కళ్ళు పెద్దవయ్యాయి, ఆయనకి నేను ముందుగా చెప్పలేదు. ఆచారి నాటిదా అని వకీలు అడిగాడు. అవునన్నాను. ఏ సంవత్సరం అన్నాడు. 1940 ప్రాంతం అన్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని, పెరుగన్నం తిన్నారా అన్నాడు. నవ్వాను. జేబు రుమాలు తీసి పిడి పైభాగాన మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. చిలుం లేచిపోయి, కింద గీతలు కనిపించాయి. మెడ. రెక్క. నీళ్ళ మీద ఈదుతున్న హంస.

షాపువాళ్ళ గుర్తు. లోపం తలలకి కూడా గుర్తు కొట్టాకే పక్కన పడేస్తారన్న సంగతి నాకు తెలుసు. షెడ్డులో అందరికంటే నాకే బాగా తెలుసు, ఆ లెక్క రాసేది నేనే. ఎలా మరిచిపోయానో ఇప్పటికీ అర్థం కాలేదు.

వకీలు అరవలేదు. 1940లోనే ఈ షాపు పుట్టిందా అని మాత్రం అడిగాడు. ఆ షాపు పెట్టి ఆరేళ్ళు. నేను చేశానని చెప్పాను, అయ్యకి తెలియదని చెప్పాను. కనీసం ఆ రెండు నిజాలు చెప్పాను.

నాయుడుగారు చాలాసేపు కర్ర వైపు చూశారు, నా వైపు చూడలేదు. "పదకొండేండ్లు కోర్టు మెట్లెక్కినా నేను దొంగసాక్షిని పెట్టలేదమ్మా," అన్నారు. నలభై ఏళ్ళని గాలిలోంచి తీసి రాయించింది మీరే కదా అని నాలుక చివరి దాకా వచ్చింది. సిగ్గు అంటే ఏమిటో నాకు నిన్న తెలిసింది. చెవులు కాలాయి.

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. ఇక కోర్టులోనే చూసుకుందాం, ఈ కర్రను కూడా చూపిస్తాను అన్నాడు. లేస్తూ, ఇంత దూరం వచ్చాను, తిరుత్తణి కొండ మీది స్వామి పేరే దండపాణి అని పెట్టుకుని ఆయన్ని చూడకుండా పోతే ఎలా, దారి ఎటు అని అడిగాడు. ఓడిపోయినా నాయుడుగారు నాయుడుగారే. గుడికి పోయే మనిషిని ఒంటరిగా పంపకూడదని నన్ను తోడు వెళ్ళమన్నారు. శిక్ష వేశారో మర్యాద చేశారో తెలియలేదు. ఎవరూ పిలవకుండానే ఏసన్న చేతులు కడుక్కుని వచ్చి కారు ముందు సీట్లో కూర్చున్నాడు. నువ్వెందుకు అన్నట్టు చూశాను. ఏసన్న శిలువ గొలుసు చొక్కాలోకి తోసుకుని రోడ్డు వైపు చూశాడు.

కొండమీదికి బస్సుదారి ఉంది, నేనెప్పుడూ దాంట్లోనే పోతాను. ఏసన్న మాత్రం మెట్లదారి మొదట్లో ఆపించాడు. మెట్లెక్కి వస్తేనే పుణ్యం సార్, మీ మోకాళ్ళకి కర్ర దొరుకుతుంది అన్నాడు. అక్కడ గోనెపట్టా మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పేరు వజ్రమ్మ. పక్కన ముప్పై నలభై చేతికర్రలు, అన్నిటి పిడులకీ పసుపుగుడ్డ చుట్టి ఉంది. ఎక్కేవాళ్ళకి అద్దెకిస్తుంది. కర్ర తిరిగొచ్చేదాకా చెప్పులు ఆమె దగ్గర తాకట్టు. ఏసన్నని చూసి, "ఏమప్పా, ఈ మధ్య కర్రలు బాగు చేసేదానికి రాలేదే," అంది. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు. సిగ్గుతో ఉన్న మనిషికి చెవులు పనిచేయవు.

వకీలు బూట్లు విప్పి ఇచ్చి కర్ర తీసుకున్నాడు. నేనూ ఆయనా ఎక్కాం, ఏసన్న కింద ఉండిపోయాడు. నూరు మెట్లు దాటాక పెద్ద కోతి ఒకటి ఆయన చేతిలో కొబ్బరికాయ సంచి పట్టుకుంది. వకీలు కర్ర తిరగేసి పట్టుకుని ఒక్కటి వేశాడు. కోతికి తగల్లేదు, పక్కన రాతికి తగిలింది, అదీ పిడి చివర. కోతి సంచి వదిలి, దొరికిందే చాలనుకుని పసుపుగుడ్డ ఊడదీసుకుని పోయింది.

వకీలు సంచి సంగతి మరిచిపోయాడు. కర్ర వైపే చూస్తున్నాడు. మళ్ళీ ఒకసారి రాతికి పిడి చివరతో కొట్టాడు. ఇంకొకసారి రెండో చివరతో. కర్ర చేతిలో మెలి తిరగలేదు. రెండు చివర్లా లావు. నడుమ వెనక పక్క గుంట. ఇత్తడి నలభై ఏళ్ళ అరచేతులకి అరిగి మెరుస్తోంది.

మా గుంతకర్ర తలే, తలకిందులుగా.

దర్శనం అయ్యాక (ఆయన మెట్లన్నీ ఎక్కాడు, అది చెప్పుకోవాలి) దిగి వచ్చి కోటుతోనే గోనెపట్టా మీద కూర్చున్నాడు. పిడులకి గుడ్డ ఎందుకని వజ్రమ్మని అడిగాడు. ఎండకి ఇత్తడి కాలుతుంది, మెరిసేది చూస్తే కోతి వదలదు అంది. పిడి ఇలా ఎందుకు ఉందని అడిగాడు. తమిళంలోనే చెప్పింది. మధ్యలో నా తర్జుమా అవసరం పడలేదు, పడినా నా మాటకి నిన్న విలువ లేదు. నా తెలుగులో రాసుకుంటున్నాను:

"కోతి మీదికొచ్చినప్పుడు గురి చూసి కొట్టేదానికి టైం యాడుండాది సామీ. నడిమికి తగల్లేదనుకో, మామూలు కర్ర చేతిలో గిర్రున తిరిగి మన మణికట్టే నొస్తాది. ఇది తిరగదు. ఆచారి రెండు పక్కలా బరువు పెట్టినాడు."

వకీలు మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది. ఆయన నోటీసు రెండో పేజీలో ఇదే మాట పదకొండు వరసల ఇంగ్లీషులో ఉంది. కోతి ఒక్కటే లేదు.

ఎన్నేళ్ళ నుంచి అని అడిగాడు. పెద్దబిడ్డ పుట్టిన ఏడు ఆచారి కర్రలు ఇచ్చాడు, ఆ బిడ్డకి ఇప్పుడు మనవడు అంది. అది కోర్టుకి చాలదన్నాడు. అప్పుడు ఏసన్న ముందుకి వచ్చి, పిడి గుంటలో వేలు పెట్టి చూపించాడు. లోపల నాలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి. వకీలు నా వైపు తిరిగి ఏమిటివి అన్నాడు.

తెలుగు అంకెలు. నేను చదివాను, లోపల. బయటికి మాత్రం, నేను చెబితే మీరు నమ్మకూడదు, ఇంకెవరినైనా అడగండి అన్నాను. నగరి నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు చెప్పులు తీసుకుంటున్నాడు. వకీలు ఆయన చేతికి కర్ర ఇచ్చాడు. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "పంతొమ్మిదొందల ముప్పై తొమ్మిది," అన్నాడు. ఇంకో కర్ర చూశారు. అదీ ముప్పై తొమ్మిదే. ఇంకోటి నలభై ఒకటి.

నాయుడుగారు గాలిలోంచి తీసిన నలభై ఏళ్ళకి పైన నాలుగేళ్ళు మిగిలాయి.

వకీలు ఒక కర్ర కొంటానన్నాడు. వజ్రమ్మ అమ్మదు, అద్దెకే ఇస్తుంది. అయితే అద్దెకే మద్రాసుకి తీసుకుపోతానన్నాడు. తీసుకుపో సామీ, బూట్లు ఇక్కడుంటాయి అంది. బతిమాలాడు. కాయిదా కాయిదానే అంది. హైకోర్టు వకీలు ఒట్టికాళ్ళతో కారెక్కాడు.

20 మార్చి

మొన్న తిరుగుదారిలో ఏసన్నని అడిగాను, ఎప్పటి నుంచి తెలుసని. సీమకర్రను తువ్వాల్లోంచి తీసిన రోజే తెలుసట. "ఇది మన పెద్దాచారి పిడే గదా" అనుకున్నాడట. షెడ్డు అటక మీద ఆచారి చెక్క అచ్చు ఉంటే దించి, దాంతోనే నాలుగు వందలూ పోశాడట. మూడుసార్లు చెప్పబోయాను వనజమ్మా, మీరు బిజీ అన్నాడు.

మూడు సార్లు. పైన పేజీలు తిప్పి చూశాను. నిజమే.

21 మార్చి

ఏసన్నకి క్షమాపణ చెప్పాను. ఎందుకని అడిగాడు. దేనికో చెప్పకుండా వచ్చేశాను, చాలా ఉన్నాయి.

25 మార్చి

పోస్టు లేదు. నాయుడుగారు నాతో పని మాటలే మాట్లాడుతున్నారు. భోజనం తెచ్చావా అని రోజూ అడిగేవారు, ఇప్పుడు అడగడం లేదు. షెడ్డు పోతుందన్న భయం కన్నా అదే ఎక్కువ బాధగా ఉంది.

11 ఏప్రిల్, సోమవారం

వచ్చింది. కంపెనీ నోటీసును వెనక్కి తీసుకుంది. రెండే వాక్యాలు. దాంతోపాటు ఒక పొడుగు పార్సిలు, అందులో వజ్రమ్మ కర్ర. వకీలు సొంత చేతిరాతతో చిన్న చీటీ: దయచేసి నా బూట్లు పంపగలరు.

చదివి వినిపించాను. పని ఆపి అందరూ వచ్చారు. నాయుడుగారు కర్రను రెండు చేతులతో పట్టుకుని, అనుభవమే గెలిచిందన్నారు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని నన్ను పిలిచారు. ఇప్పుడు ఆ పట్టా మన పేరుకి మార్పించాలి, అర్జీ రాయి అన్నారు.

ఇక దాచడం నా వల్ల కాలేదు. పట్టా కాదయ్యా, పేటెంటు అని మొత్తం విడమరిచి చెప్పాను. నేను ఫిబ్రవరిలోనే చెప్పాల్సిందని కూడా చెప్పాను. నలభై నాలుగేళ్ళుగా కొండ మెట్ల మీద లోకమంతా వాడిన ఆకారం ఇక ఎవరి సొత్తూ కాదు, వాళ్ళది కాదు, మనదీ కాదు, రేపు పక్క ఊరివాడు పోసుకున్నా మనం అడగలేము అన్నాను. ఆయన కర్రను బల్ల మీద పెట్టారు.

"అయితే పొరంబోకా?" అన్నారు.

అవునయ్యా, ఎవరి పట్టా లేని పొరంబోకే అన్నాను. పొరంబోకులో కూడా ముందుగా గుడిసె వేసుకున్నవాడే నాలుగు రోజులు తింటాడమ్మా అని, షాపుకి ఇంకో రెండు వందలు ఒప్పుకుంటూ ఉత్తరం రాయమన్నారు. లేచి వస్తుంటే, భోజనం తెచ్చినావా అని అడిగారు. తెచ్చానన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొలిమి పొగ అనుకున్నారు.

13 ఏప్రిల్

రేపు తమిళ సంవత్సరాది, సెలవు. వెళ్ళే ముందు ఏసన్న నా డ్రాయింగ్ కాగితం తెచ్చి ఇచ్చాడు. మడతలు పడకుండా బైబిల్లో పెట్టి ఉంచాడట. రెండు నెలలు ఈ కాగితం తలుచుకుని నేను వణికాను. చింపబోతూ, పోనీ ఒక్కమాట అడుగుదామని, ఆచారి అచ్చు ఉన్నా నా గీత కొంచెమైనా పనికొచ్చిందా అన్నాను.

ఏసన్న బూట్ల వైపు చూశాడు. వకీలువి, వజ్రమ్మ దగ్గర నుంచి తెచ్చి మద్రాసుకి కట్టిపెట్టాడు. నేను వదల్లేదు.

"మీరు కర్రని బోర్లించి గీసినారు వనజమ్మా. గుంట ముందుకొచ్చేసింది. దాంతో పోసుంటే బంతి ఆడేవాడి కాళ్ళ మీదికే వచ్చేది," అన్నాడు. ఆగస్టులోనే ఎందుకు చెప్పలేదన్నాను. కింద అంత అందంగా సంతకం చేసినారు గదా, ఎట్ట చెప్పేది అన్నాడు.

అంటే నేను చేయడానికి చేతకాని దొంగతనానికి రెండు నెలలు నిద్ర పోగొట్టుకున్నాను. దాన్ని కప్పిపుచ్చడానికి చేసిన దొంగతనం మాత్రం నిజంగా చేశాను. ఇది నవ్వాల్సిన విషయమో కాదో తెలియలేదు గానీ, బస్సు వచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

కాగితం చింపలేదు. ఇక్కడే అతికిస్తున్నాను. బ్రాన్‌మూర్ వాళ్ళ దగ్గర ఇలాంటిది లేదు, ఆచారి చేయలేదు, కొండ మీద కోతి కూడా చూసి ఉండదు. ఇది పొరంబోకు కాదు. దీనికి పట్టా నాదే.